వెనకాల నడిచే దంపతులు

బాలమణికీ కూర్మారావుకీ పెళ్లి కాలేదు. అయినా పద్దెనిమిదేళ్లుగా వాళ్లు భార్యాభర్తలు.

నగల కొట్టు ప్రకటనలో తార మెడలో హారం మెరుస్తుంటే, వెనకాల కౌంటరు దగ్గర గాజులు బేరమాడే జంట వాళ్లే. బ్యాంకు ప్రకటనలో మెట్లెక్కే జంట వాళ్లే. రంగుల డబ్బాల ప్రకటనలో పక్కింటి మేడ మీద నిలబడి "అబ్బ, ఎంత బాగుందీ గోడ!" అన్నట్టు మొహం పెట్టే జంటా వాళ్లే. ప్రకటన చూసేవాళ్లెవరూ వాళ్లను చూడరు. చూడకూడదు. చూశారంటే పని చెడిందన్నమాట.

బాలమణిది సిద్దిపేట దగ్గర పల్లె. ఇరవయ్యారో ఏట భర్త పోతే హైదరాబాదు వచ్చి కృష్ణానగర్‌లో ఒక గది తీసుకుంది. కూర్మారావుది శ్రీకాకుళం పక్క. సినిమాల్లో ప్రతినాయకుడు కావాలని వచ్చి మీసం పెంచాడు. మీసం నెరిసిపోయింది గానీ ప్రతినాయకుడి వేషం మాత్రం రాలేదు. చివరికి వెనకాల నడిచే మర్యాదస్తుడైన మొగుడిగా స్థిరపడ్డాడు. పెళ్లి ఊసెత్తితే "మరేటి, చూద్దాం" అని నవ్వేసేవాడు. ఆ చూడ్డంలోనే యాభై నాలుగేళ్లొచ్చాయి.

వెనకాల నడవడం అందరికీ వచ్చే పని కాదు. కెమెరా వైపు చూడకూడదు. చూడకుండా ఉండటానికి ప్రయత్నిస్తున్నట్టూ కనపడకూడదు. మాట్లాడుకుంటున్నట్టు పెదాలు కదపాలి గానీ చప్పుడు రాకూడదు. మనుషుల్ని సరఫరా చేసే ఏజెంటు యాదగిరి కొత్తవాళ్లకు ఒకటే మంత్రం చెప్పేవాడు: "ఏం మాట్లాడాల్నో తెల్వకుంటె ఒకటి, రెండు, మూడు లెక్కవెట్టుకోండ్రి. పెదిమెలు కదిలితె సాలు." కూర్మారావు, బాలమణి నడిస్తే మాత్రం ఎవరికైనా ముచ్చటేసేది. తలుపు దగ్గర ఆయన అర క్షణం ఆగి ఆమెను ముందు పోనిచ్చేవాడు. ఆమె వెళ్తూ వెళ్తూ ఆయన భుజం మీది దారప్పోగు తీసేసేది. ఎవరూ చెప్పకుండానే. డైరెక్టర్లు ఫోన్ చేసి పేర్లడగరు, "ఆ జంటను పంపండి" అంటారు.

ఇలా సాఫీగా సాగిపోతున్న సంసారంలోకి ప్రభుత్వం వచ్చింది.

సంగతేమిటంటే, ఒక విశ్రాంత ఉద్యోగి ఒకరోజు పొద్దున్నే టీవీలో ఆసుపత్రి ప్రకటన చూశాడు. వెనకాల చక్రాల కుర్చీలో కూర్చున్న ఒక స్త్రీని చూసి ఆయన మనసు కరిగిపోయింది. ఆమె కోలుకుంటే మూడు కొబ్బరికాయలు కొడతానని మొక్కుకున్నాడు. మధ్యాహ్నం అదే స్త్రీ చీరల కొట్టు ప్రకటనలో పట్టుచీర కట్టుకుని చకచకా మెట్లెక్కింది. సంబరపడి గుడికి వెళ్లి కొబ్బరికాయలు కొట్టి వచ్చాడు. సాయంత్రం ఎరువుల ప్రకటనలో ఆవిడే మోకాలి లోతు బురదలో నాట్లు వేస్తోంది. ఆయన గుండె బద్దలైంది. "నా భక్తితో ఆడుకున్నదెవరు?" అని పదకొండు పేజీల ఫిర్యాదు రాశాడు.

ఆ స్త్రీ బాలమణే. ఆ సంగతి ఆమెకు తెలియదు.

ఫిర్యాదు మీద కమిటీ పడింది. ప్రకటనల్లో అబద్ధం ఎక్కడుందా అని ఆ కమిటీ ఏడు నెలలు వెతికి, అది వెనకాల నడిచేవాళ్లలో ఉందని కనిపెట్టింది. వెంటనే 'ప్రకటనల నేపథ్య సత్యపాలన మండలి' వెలిసింది. మండలి ఒకే ఒక్క నిబంధన చేసింది: "వాణిజ్య ప్రకటనల నేపథ్యమున కనిపించు ప్రతి ప్రాణియు తాను ఏమని కనిపించుచున్నదో యథార్థముగా అదియే అయి ఉండవలెను."

*

నిబంధన వచ్చాక మొదటి షూటింగు ఒక టీపొడి ప్రకటనది. స్థలం నగరంలో ఒక పార్కు. డైరెక్టరు నిషాంత్ కుర్రాడు, నెమ్మదస్తుడు. తార సిమెంటు బెంచీ మీద కూర్చుని కప్పు ఎత్తి, "మా అమ్మమ్మ తాగింది, మా అమ్మ తాగింది, నేనూ ఇదే తాగుతున్నా" అనాలి. వెనకాల పార్కులో జనం తిరుగుతుండాలి. అంతే.

తొమ్మిదింటికి మండలి జీపు దిగింది. అందులోంచి నేపథ్య సత్యనిర్ధారణాధికారి శ్రీ పరాంకుశం గారు, ఇద్దరు సహాయకులు, ఒక రబ్బరు ముద్ర దిగారు. పరాంకుశం గారు సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ చేసిన కాగితంలా ఉన్నారు. అంతకుముందు ఏదో శాఖలో పాత రికార్డులు చూసేవారట. ఈ పదవి వచ్చాక చూపు మారిపోయిందని సహాయకులు చెప్పుకునేవారు.

"నేపథ్య ప్రాణులను వరుసగా ప్రవేశపెట్టుడు" అన్నారాయన.

ముందు నడక కోసం వచ్చిన ముసలాయన నిలబడ్డాడు.

"మీరు నడుచుటకు కారణము?"

"నడవమన్నారండీ."

"ఎవరు? వైద్యుడా, డైరెక్టరా?"

"డైరెక్టరండీ."

"వైద్యుని చీటీ లేని నడక ఆరోగ్య నడక కాదు. పక్కకు నిలుడు."

తరవాత నవ్వే స్నేహితులు నలుగురు. బాల్యస్నేహితులమని ప్రమాణపత్రాలు తెచ్చుకున్నారు పాపం. పరాంకుశం గారు వాటిని వెలుతురులో పెట్టి చూసి, "స్నేహము సరియే. నవ్వు సకారణమా, అకారణమా?" అని అడిగారు. వాళ్లు తెల్లమొహం వేస్తే, కారణం లేని నవ్వు కూడా అసత్యమే కనుక ఒక హాస్యోక్తి చెప్పవలసిందిగా సహాయకుణ్ని ఆదేశించారు. అతను ఎంతో కష్టపడి ఒకటి చెప్పాడు. ఎవరూ నవ్వలేదు. నలుగుర్నీ 'విచారవదనులైన స్నేహితులు'గా నమోదు చేశారు.

బెలూన్లమ్మేవాడి దగ్గర యాదగిరి తెలివి చూపించాడు. ఎందుకొచ్చిన గొడవ అని గేటు బయటున్న అసలు బెలూన్లవాణ్నే పట్టుకొచ్చాడు. వాడు లోపలికొచ్చాడు, రిహార్సల్ అయ్యేలోగా పార్కులో పిల్లలందరికీ బెలూన్లమ్మేశాడు, దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు.

"అతని వాస్తవికతలో లోపము లేదు" అన్నారు పరాంకుశం గారు మెచ్చుకోలుగా.

కుక్క సంగతి ఇంకా ఇబ్బంది అయింది. నిషాంత్ తెప్పించిన వీధికుక్కకి పేరుంది, యజమాని ఉన్నాడు, సబ్బుతో స్నానం కూడా చేయించారు. దాన్ని తీసేశారు. నిజంగా వీధిలో తిరిగే కుక్కను తెచ్చారు. అది బక్కగా ఉందని జాలిపడి రెండో సహాయకుడు జేబులోంచి బిస్కెట్ తీసి పెట్టాడు. కుక్క తోకాడించి అతని పక్కన కూర్చుంది. పరాంకుశం గారు కాగితం మీద రాశారు: "పోషణ ఆరంభమైనందున ఇది ఇకపై వీధికుక్క కాదు." సాయంత్రం జీపు వెళ్లేటప్పుడు కుక్కా ఎక్కింది.

చివరికి దంపతుల వంతు వచ్చింది.

"మీ ఇరువురి పరస్పర సంబంధము?"

"భార్యాభర్తలమండి" అన్నాడు కూర్మారావు, అలవాటు కొద్దీ.

"వివాహ ధ్రువపత్రము?"

కూర్మారావు మీసం సవరించుకున్నాడు. "అలగ కాదండి. మాది... కెమెరా ముందు మటుకేనండి. కెమెరా ఆగిపోతే ఎవరింటికాలు ఎల్లిపోతాం."

"పద్దెనిమిదేండ్ల సంది గిట్లనే నడుస్తున్నం సారూ" అంది బాలమణి. "గిప్పటిదాంక ఒక్కలు అడగలే."

పరాంకుశం గారు కలం ఆపి ఇద్దర్నీ చూశారు. "అనగా, పద్దెనిమిది సంవత్సరములుగా ఈ అసత్యము నిరాటంకముగా నడుచుచున్నదన్నమాట." రబ్బరు ముద్ర ఠపీమని పడింది: అనర్హులు.

అప్పుడు కూర్మారావు బెంచీ వైపు చెయ్యి చూపించాడు. "తమరికి కోపం రాకపోతే ఒక మాట. ఆ కంపినీ ఎట్టి నాలుగు నెల్లైనాది. ఆ అమ్మ అమ్మమ్మ ఈ టీ ఎప్పుడు తాగీసినాదండి? ఆ కప్పులో ఉన్నది బెల్లం నీల్లు. ఆ పొగ అగరొత్తిది."

పరాంకుశం గారు అటు తిరిగి కూడా చూడలేదు. "ముందు భాగము నా పరిధిలోనికి రాదు. నేను నేపథ్యము మాత్రమే."

*

మర్నాడు అసలైన దంపతులొచ్చారు. యాదగిరి రాత్రంతా యూసుఫ్‌గూడ, బోరబండ తిరిగి ధ్రువపత్రాలున్న పదకొండు జంటల్ని పోగేశాడు. పరాంకుశం గారు పదకొండు జంటలకూ ఒక్క నిమిషంలో ముద్ర వేసేశారు.

"ఏం లేదండీ" అన్నాడు నిషాంత్ మొదటి జంటతో. "ఆ చెట్టు దగ్గర్నుంచి ఈ ఫౌంటెన్ దాకా మాట్లాడుకుంటూ నడవండి."

యాక్షన్ అన్నారు. ఆయన ఫోన్ చూసుకుంటూ నడిచాడు. ఆవిడ ఆయనకు పదడుగుల ముందు, అగ్గిపెట్టె కోసం కొట్టుకు పోతున్నట్టు నడిచింది.

"కట్! అమ్మా, మీరిద్దరూ కలిసి నడవాలి. ఏదైనా మాట్లాడండి."

"ఏం మాట్లాడాలి?" అన్నాడాయన నిజంగానే అయోమయంగా.

"నేనూ అదే అడుగుతున్నా బాబూ ఇరవై రెండేళ్లుగా" అంది ఆవిడ నిషాంత్‌తో.

రెండో జంట ఫౌంటెన్ దాకా బాగానే వచ్చింది. మూడో టేకులో ఆయన చెల్లెలి ప్రస్తావన వచ్చి, ఆయన తూర్పు గేటులోంచి, ఆవిడ పడమటి గేటులోంచి వెళ్లిపోయారు. ఇంకో జంటను చెయ్యి చెయ్యి పట్టుకోమంటే, "మా మామగారు టీవీ చూస్తారండీ" అని ఇద్దరూ ఎర్రబడిపోయి చెరో చెట్టు వెనక్కి పోయారు. పరాంకుశం గారు కళ్లు తుడుచుకున్నంత పని చేశారు. "పరమ వాస్తవికము!"

నిషాంత్ మానిటరు ముందు తల పట్టుకున్నాడు. "సార్, వీళ్లు భార్యాభర్తల్లా లేరు."

"ధ్రువపత్రములున్నవి."

"ధ్రువపత్రం తెర మీద కనపడదు కదా సార్!"

"కనపరచవచ్చును. చేత పట్టుకుని నడిచినచో మండలికి అభ్యంతరము లేదు."

సాయంత్రానికి టీపొడి కంపెనీ మనిషి కోప్పడ్డాడు. ఎవరి సంసారమైనా సరే, నాకు చూడముచ్చటగా ఉండాలి, ఆ పాత జంటనే పిలవండి, ధ్రువపత్రమో ఏదో పుట్టించండి అన్నాడు. పుట్టించడం అంటే నకిలీది తెమ్మని. నకిలీకి మూడేళ్ల జైలు. ఇక మిగిలింది ఒకటే దారి.

ఆ దారి చెప్పడానికి యాదగిరి గొంతు సవరించుకుంటూ కబురందుకుని కూర్మారావుతో పాటు వచ్చి చెట్టుకింద భోంచేస్తున్న బాలమణి దగ్గరికొచ్చాడు. "అక్కా, ఏమనుకోకు. మీ ఇద్దరు పోయి ఆ కాగితం తెస్తె, నీకు పని, అన్నకు పని. లేకుంటె ఇగ మొగుడు పెండ్లాల వేషాలు బందే. ఒంటిగ నిలవడెటోళ్లకు ఏముంటది చెప్పు? బస్టాపుల కూడ ఇప్పుడు టికెట్ అడుగుతున్నరు."

బాలమణి విస్తరి మడిచి లేచింది. "కాగితానికి పెండ్లా? నేను సర్కారు రూలుకు తాళి కట్టించుకుంటనా? పో!"

విసవిసా ఫౌంటెన్ వైపు నడిచింది. కూర్మారావు వెనకే వెళ్లాడు, ఎప్పటిలాగే అరడుగు ఎడంతో. అవతల, ఫౌంటెన్ కనపడకుండా పక్కకు తిప్పిన కెమెరా ముందు తార తన ముక్క చెప్పుకుంటోంది. షాట్ జరుగుతోంది కనుక ఇద్దరూ గొంతు తగ్గించే మాట్లాడుకున్నారు.

"నాను కాగితం కోసం అడగట్లేదండి" అన్నాడు.

"నువ్వు అసలు అడగనే లే."

"అడిగినాను."

బాలమణి ఆగింది.

"నగల కొట్టులో అడిగినాను" అన్నాడు కూర్మారావు, నేల చూస్తూ. "బేంకు మెట్ల మీద అడిగినాను. నూడుల్సు ప్రకటనలో రెండుపాలి అడిగినాను. పెదాలు కదపాల కదా, ఊరికే కదపడం ఎందుకని. మీరే, ఒకటి రెండు మూడు లెక్కెట్టుకుంటా నవ్వీసినారు."

బాలమణి లెక్కపెట్టడం మానేసి పదేళ్లయింది. నగల కొట్టులో ఆయన పెదాలు ఏమంటున్నాయో మొదట అర్థం కాలేదు. బ్యాంకు మెట్ల మీద అర్థమైంది. కానీ ఈ పనిలో కదిలే పెదాలన్నీ అబద్ధాలే. కట్ అన్నాక అడుగుతాడని చూసింది. కట్ అన్నాక ఆయన అడిగింది ఎప్పుడూ ఒకటే: "టీ తాగుతారా?"

"నేను లెక్కవెట్టలే" అంది మెల్లగా. "నేను గూడ జెప్పిన. గట్టిగ అడుగు, గట్టిగ అడుగు అని. ప్రతిసారి జెప్పిన. నువ్వే ఇటు సూడవైతివి."

"కెమెరా ఉంటే మొగం తిప్పకూడదు కదండి."

ఆ మాటకు ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. కొంగుతో మొహం తుడుచుకుని, నడుం మీద చెయ్యి పెట్టుకుని, ఎదురుగా నిలబడింది. "ఇప్పుడైతె మన మీద కెమెరా లేదు. అడుగు. చప్పుడొచ్చెటట్టు అడుగు."

కూర్మారావు గట్టిగా ఊపిరి పీల్చాడు. ముప్పై ఏళ్ల కింద ప్రతినాయకుడి వేషం కోసం సాధన చేసిన గొంతు ఒకటి ఆయన లోపల ఎక్కడో పడి ఉంది. అది బయటికొచ్చింది.

"బాలమణిగారూ! నన్ను పెల్లాడతారా?"

చెట్ల మీది కాకులు లేచాయి. తార చేతిలో బెల్లంనీళ్ల కప్పు ఒలికింది. చెవులకు గొట్టాలు తగిలించుకున్న సౌండు కుర్రాడు వాటిని పీకి పారేసి "సైలెన్స్! ఎవడ్రా అక్కడ!" అని అరిచాడు.

"ఇనవడ్డది" అంది బాలమణి.

*

పెళ్లికి ముందు ఊళ్లో ఉన్న అన్నకు ఫోన్ చేసింది. భయపడుతూనే చేసింది. అవతలి నుంచి అన్న అన్నాడు: "అదేందే, టీవీల సూసి మీకెప్పుడో అయిందనుకున్న. ఊళ్లె అందరికి జెప్పిన గూడ. ఇప్పుడు కాలేదంటె నా మాట పోతది. జల్ది చేస్కో."

కృష్ణానగర్‌లో చిన్న గుళ్లో పెళ్లి జరిగింది. వచ్చినవాళ్లంతా వెనకాల నడిచేవాళ్లే. చీరల ప్రకటనల్లో, నగల ప్రకటనల్లో, కల్యాణమండపాల ప్రకటనల్లో కనీసం వెయ్యి పెళ్లిళ్లు చేసిన అనుభవం ఉంది ఒక్కొక్కరికీ. దాంతో ఒక చిక్కొచ్చింది. ఎనభై మంది చుట్టాలు కలకలలాడుతూ పెదాలు కదుపుతున్నారు గానీ గుళ్లో పంతులుగారి గొంతు తప్ప ఇంకేమీ వినపడటం లేదు. ఆయన రెండుసార్లు మంత్రం ఆపి తన చెవులు తడుముకున్నాడు. తాళి కట్టగానే అందరూ అక్షింతలు చల్లారు. చల్లి, మళ్లీ తమ తమ మొదటి స్థానాలకు వెళ్లి, రెండో టేకుకి సిద్ధంగా నిలబడ్డారు.

"అయిపోయింది అందరూ! ఒక్కటే టేకు!" అని యాదగిరి అరవాల్సి వచ్చింది. అప్పుడు గాని గుడి గొల్లుమనలేదు.

పరాంకుశం గారు తనిఖీకొచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు. కెమెరా లేదు కనుక నేపథ్యం లేదు, నేపథ్యం లేదు కనుక ఆయనకు అధికారం లేదు. ఎవరో చేతిలో అక్షింతలు పెట్టారు. వాటినేం చెయ్యాలో నిబంధనలో లేదని కాసేపు పట్టుకుని, ఆఖర్న జేబులో వేసుకున్నారు.

పెళ్లి నమోదైంది. ధ్రువపత్రం వచ్చింది. తొమ్మిదో రోజున మళ్లీ పార్కులో షూటింగు.

పరాంకుశం గారు ధ్రువపత్రం ముందు చదివారు, వెనక చదివారు, ముద్ర వేశారు. "సత్యము! ఇక నడువుడు."

"యాక్షన్!" అన్నాడు నిషాంత్ ఉత్సాహంగా.

ఆ తొమ్మిది రోజుల్లో తేలని సంగతి ఒకటుంది. ఎవరి గదిలో ఉండాలన్నది. ఆమె గదిలో నీళ్లొస్తాయి, గాలి రాదు. ఆయన గదిలో గాలొస్తుంది, నీళ్లు రావు. పొద్దున ఇంట్లో మొదలైన ఆ చర్చ ఆటోలో సాగి, చెట్టు దగ్గరికొచ్చేసరికి ముదిరింది. బాలమణి నాలుగడుగుల ముందు నడుస్తూ, వెనక్కి తిరగకుండానే, "గాలి తాగి బతుకుతవా? బిందెలు మోసెటిది ఎవలు?" అంది. చప్పుడొచ్చేటట్టే అంది. కూర్మారావు వెనకాల మీసం గోక్కుంటూ, ఆకాశం కేసి చూస్తూ వచ్చాడు. ఫౌంటెన్ దగ్గర ఆయన ఆగనూ లేదు, ఆమెను ముందు పోనివ్వనూ లేదు. ఆమె అప్పటికే వెళ్లిపోయింది.

"కట్!" నిషాంత్ ఏడుపొక్కటే తక్కువ. "ఏమైంది మీ ఇద్దరికీ? అంత బాగుండేవారే! చూస్తే ముచ్చటేసేదే!"

కూర్మారావు చేతులు కట్టుకుని వినయంగా చెప్పాడు. "అప్పుడు మాకు పెల్లి కానేదండి."

ఆరు టేకులయ్యాయి. పరాంకుశం గారు ప్రతి టేకుకీ తల పంకించారు. ఏడోదానికి నిషాంత్ కెమెరామన్ చెవిలో చెప్పాడు: "బాబాయ్, వెనకంతా మసక చేసెయ్."

మానిటరులో తార మొహం, టీకప్పు తళతళలాడాయి. వెనకాల పార్కు మొత్తం రంగు ముద్దలుగా కరిగిపోయింది.

పరాంకుశం గారు మానిటరు దగ్గరికి వంగారు. "దంపతులు ఎక్కడ?"

"ఆ ఎర్ర మచ్చ బాలమణిగారు సార్. నీలం మచ్చ ఆయన."

"ఈ మచ్చ వివాహితమని ప్రేక్షకునకు ఎట్లు తెలియును?"

"తెలీదు సార్."

"కాదని తెలియునా?"

"అదీ తెలీదు సార్."

పరాంకుశం గారి చేతిలో ముద్ర గాల్లో ఆగిపోయింది. ఆయన ఉద్యోగంలో మొదటిసారి ఎక్కడ వెయ్యాలో తోచలేదు.

*

విషయం మండలికి చేరింది. మండలి మూడు రోజులు కూర్చుని "మసక అనునది సత్యమూ కాదు, అసత్యమూ కాదు, కావున మండలి పరిధిలోనిది కాదు" అని తీర్మానించింది. ఆ తీర్మానం తడి ఆరకముందే ఊళ్లో ప్రకటనలన్నీ మసకబారాయి. మచ్చల కోసం మనుషులెందుకని కొందరు తాళ్లకు చీరలు ఆరేసి షూటింగు చేశారు. కృష్ణానగర్‌లో పనుల్లేవు. బాలమణి, ఇంకో ముగ్గురు ఆడవాళ్లు కలిసి పొద్దున పూట ఇడ్లీలు వేసి అమ్మారు. కూర్మారావు బిందెలు మోశాడు. అంటే ఎవరి గదిలో ఉంటున్నారో చెప్పనక్కర్లేదు. ఆయన గదిలోనే. గాలి ఉన్న చోట.

అక్కడ, మొదటి ఫిర్యాదు రాసిన కొబ్బరికాయల పెద్దాయన టీవీ చూసి కళ్లు పోతున్నాయని మూడుసార్లు అద్దాలు మార్పించుకున్నాడు. నాలుగోసారి డాక్టరు "మీ కళ్లు బాగానే ఉన్నాయి, ప్రకటనలే అలా తీస్తున్నారు" అని చెప్పాడు. ఆయన ఈసారి పద్నాలుగు పేజీలు రాశాడు: మనుషులేరి? నేను ఎవరి కోసం మొక్కుకోవాలి?

దాని మీద ఇంకో కమిటీ పడింది. నిబంధన వల్ల నేపథ్యమే లేకుండా పోయింది కనుక నేపథ్య మండలి అక్కర్లేదని చెప్పింది. మండలి రద్దయింది. వారం తిరక్కుండా జనం మళ్లీ పార్కుల్లో, బస్టాపుల్లో, మెట్ల మీద కనపడటం మొదలైంది. యాదగిరి ఫోను మళ్లీ మోగింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం పరాంకుశం గారు కూర్మారావు గది ఉన్న మేడ మెట్లెక్కి వచ్చారు. జీపు లేదు, సహాయకులు లేరు. చెమటలు పట్టి ఉన్నారు. బాలమణి కుర్చీ వేసింది. కూర్మారావు మంచినీళ్లిచ్చాడు. గటగటా తాగి, సంచీలోంచి కాగితం తీసి నిలబడి చదివారు.

"రద్దయిన నిబంధన వలన సంక్రమించిన సమస్త స్థితులును, హోదాలును, పత్రములును నిన్నటి తేదీ నుండి రద్దు కావడమైనది. సంబంధిత వ్యక్తులు తమ పూర్వస్థితికి పునరుద్ధరింపబడుదురు. కావున మీ వివాహ ధ్రువపత్రమును నాకు స్వాధీనపరచి, శ్రీ కూర్మారావు గారు అవివాహితులుగాను, శ్రీమతి బాలమణి గారు వితంతువుగాను ఇచ్చట సంతకము చేయవలెను."

గదిలో ఫ్యాన్ కిర్రుమంది. కూర్మారావు మొహం పాలిపోయింది. కాగితమంటే ఆయనకు చిన్నప్పట్నుంచీ భయం.

బాలమణి గోడకానుకుని నిలబడి మొత్తం వింది. "సారూ, మనిషి ఎదురుంగ నిలవడ్డడు. నీళ్లిచ్చిండు నీకు. ఆయన ఉండంగనే నన్ను ముండమోపిని చేస్తవా?"

"నేను కాదమ్మా. ఉత్తర్వు."

"సరే, ఉత్తర్వు. ఇంకోపాలి సదువు. సమస్త ఏంది?"

"సమస్త స్థితులును, హోదాలును..."

"హోదా అంటె నీ కొలువు గూడ అండ్లకే వస్తది గద? ఆ రూలు తోటే గద నువ్వు ఆఫీసరువైనవు?"

పరాంకుశం గారు కాగితం వెలుతురుకు పట్టారు. కాగితాన్ని మొదట్నుంచీ చదువుకున్నారు. రెండోసారి వేలు పెట్టి చదువుకున్నారు. మూడోసారి కళ్లద్దాలు తుడుచుకుని చదివారు. ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలో ఏ ఉత్తర్వునూ ఆయన తన మీదికి తిప్పి చూసుకోలేదు.

"నిన్నటి తేదీ నుండి" అన్నారు నీరసంగా.

"మరి నిన్నటి సంది నువ్వు ఆఫీసరువే కాకుంటె, ఇయ్యాల నా కాగితం ఎట్ల గుంజుకపోతవు?"

ఆయన కుర్చీలో కూలబడ్డారు. సంచీలోంచి రబ్బరు ముద్ర ఒకటి దొర్లి మంచం కిందికి పోయింది. ఎవరూ తీయలేదు.

"అయితే" అన్నారు, మొదటిసారి మామూలు మనిషి గొంతుతో, "ఇప్పుడు నేను ఏ హోదాలో వచ్చినట్టు?"

బాలమణి కూర్మారావు వైపు చూసింది. కూర్మారావు ఆలోచించాడు.

"ఏటుందండి, చుట్టంగా వచ్చినట్టు."

"చుట్టమైతె అన్నం తినకుంట పోవద్దు" అని బాలమణి పొయ్యి దగ్గరికి వెళ్లింది. "ఏం సారూ, చేపలు తింటవా?"

పరాంకుశం గారు కాగితం నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న కుర్చీ కోడు కింద దోపి, చేతులు కడుక్కోవడానికి లేచారు.